అతుకు దగ్గరే తెగుతుంది: సాఫ్ట్‌వేర్ కూర్పులో దొర్లిన పొరపాట్ల చరిత్ర

కంప్యూటర్ ప్రోగ్రాం పనిచేయకపోతే దాన్ని రాసినవారు ఎక్కడో తప్పు రాసి ఉంటారని అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఇంకో రకం తప్పు కూడా ఉంది. ప్రోగ్రాంలో ప్రతి పంక్తీ సరిగ్గానే ఉంటుంది. రాసినవారి కంప్యూటర్‌లో అది చక్కగా నడుస్తుంది. అదే ప్రోగ్రాంను మరో కంప్యూటర్‌లో పెట్టగానే మొరాయిస్తుంది. "ఫలానా ఫైలు దొరకలేదు" అనో, "ఫలానా వెర్షన్ సరిపోదు" అనో తెరమీద ఒక సందేశం ప్రత్యక్షమవుతుంది. కాలేజీలో ప్రాజెక్టు చూపించాల్సిన రోజున ఈ సందేశం ఎదురైన విద్యార్థులు ఎందరో!

మన ఇళ్ళలో పాలు తోడుపెట్టడం అందరికీ తెలిసిందే. పాలు మంచివే. గిన్నె శుభ్రంగానే ఉంది. కాచడమూ బాగానే కాచారు. కానీ తోడుకు వేసిన మజ్జిగ బాగా పులిసినదైతే తెల్లారేసరికి పెరుగంతా పులుపెక్కుతుంది. తప్పు పాలలో లేదు. పాలకు ఏది తోడైందో అక్కడ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

నేటి ప్రోగ్రాం ఏదీ ఒంటరిది కాదు. మనం వంద పంక్తులు రాస్తే, వాటి వెనుక ఇతరులు ముందే రాసిపెట్టిన లక్షల పంక్తులు పనిచేస్తాయి. అలా ముందే రాసి, పేరు పెట్టి, వెర్షన్ సంఖ్య వేసి, పంచుకోవడానికి వీలుగా కట్టిన మూటను ప్యాకేజి అంటారు. ఒక ప్యాకేజి మరొకదానిమీద ఆధారపడితే ఆ సంబంధాన్ని డిపెండెన్సీ అంటారు. కావలసిన ప్యాకేజీలను వెతికి, తెచ్చి, సరైన చోట సర్దే ప్రోగ్రాం పేరు ప్యాకేజి మేనేజర్. తయారైన సాఫ్ట్‌వేర్‌ను అది నిజంగా పనిచేయవలసిన యంత్రాలకు చేర్చడం డిప్లాయ్‌మెంట్. ఆ యంత్రంలో ఏ మీట ఎటు ఉండాలో చెప్పే అమరిక కాన్ఫిగరేషన్. ఈ ఐదు మాటల చుట్టూ 75 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక తమాషా కనిపిస్తుంది. ఒక తప్పును ఆపడానికి ఒక ఉపాయం పుడుతుంది. ఆ ఉపాయం తనతోపాటు మరో కొత్త తప్పుకు చోటిస్తుంది. అదెలాగో చూద్దాం.

ఉక్కు బీరువాలో ప్రోగ్రాంలు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం నిర్మించిన ఎడ్‌శాక్ కంప్యూటర్ 1949 మే 6న తన మొదటి ప్రోగ్రాంను నడిపింది. అది వర్గాల పట్టికను ముద్రించింది. ఆ వెంటనే బృందానికి ఒక విషయం బోధపడింది. భౌతిక శాస్త్రవేత్త అయినా, జీవశాస్త్రవేత్త అయినా తమ ప్రోగ్రాంలో వర్గమూలమో, సైన్ విలువో కనుక్కోవలసి వస్తూనే ఉంటుంది. ప్రతివారూ దాన్ని మళ్ళీ మొదటినుంచీ రాసుకోవడం ఎందుకు? ఒకసారి బాగా రాసి, పరీక్షించి, అందరూ వాడుకుంటే సరిపోతుంది కదా!

అలా చిన్న చిన్న ప్రోగ్రాంలను కాగితపు టేపులమీద రంధ్రాలుగా పొడిచి, ఒక ఉక్కు బీరువాలో వరుసగా అమర్చారు. వీటికి సబ్‌రొటీన్లని పేరు. కావలసినవారు బీరువాలోంచి టేపు తీసి, తమ ప్రోగ్రాం టేపులోకి దాని నకలు చేర్చుకునేవారు. ప్రపంచంలోని తొలి సాఫ్ట్‌వేర్ గ్రంథాలయాల్లో ఇదొకటి. దీని గురించి విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి రాసిన పుస్తకం 1951లో వెలువడింది.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. సబ్‌రొటీన్ లోపల "102వ గడిలో ఉన్న అంకెను తీసుకో" వంటి ఆదేశాలుంటాయి. ఒక ప్రోగ్రాంలో ఆ సబ్‌రొటీన్ 100వ గడినుంచి మొదలైతే ఇది సరిపోతుంది. మరో ప్రోగ్రాంలో 300వ గడినుంచి మొదలైతే? అప్పుడు 102 కాదు, 302 కావాలి. ఈ చిరునామాలన్నీ చేత్తో మార్చబోతే తప్పులు దొర్లక తప్పదు. విద్యార్థిగా ఉన్న వీలర్ దీనికి పరిష్కారం చూపాడు. కేవలం 41 ఆదేశాలున్న ఒక ప్రారంభ ప్రోగ్రాం రాశాడు. టేపును చదువుతున్నప్పుడే చిరునామాలను అది సరిదిద్దేది.

అమెరికాలో గ్రేస్ హాపర్‌కు కూడా ఇదే చిక్కు ఎదురైంది. అక్కడ ప్రోగ్రామర్లు ఒకరి నోటుపుస్తకంలోంచి మరొకరు సబ్‌రొటీన్లను చేత్తో రాసుకునేవారు. రాసుకునేటప్పుడు 4 అంకె కాస్తా ఖాళీని సూచించే డెల్టా గుర్తుగా మారిపోయేది. బి అక్షరం 13గా మారేది. మూలంలో తప్పు లేదు, నకలులో ఉంది. మనుషులు చేసే కూడికలూ, నకళ్ళూ నమ్మదగినవి కావని హాపర్ తేల్చుకుంది. 1952 నాటికి ఏ-0 అనే వ్యవస్థను యూనివాక్ కంప్యూటర్ కోసం తయారుచేసింది. ప్రతి సబ్‌రొటీన్‌కూ ఒక పిలుపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య రాస్తే చాలు, యంత్రమే టేపులో వెతికి తెచ్చి అతికిస్తుంది. నేటి ప్యాకేజి మేనేజర్‌కు ముత్తవ్వ ఎవరంటే ఏ-0ను చూపించవచ్చు.

సరైన ప్రోగ్రాంలో తప్పు వెతికిన ఉదయం

కాలం గడిచింది. ప్రోగ్రాంలు పెద్దవయ్యాయి. ఒకే ప్రోగ్రాంను పదుల ఫైళ్ళుగా విడదీసి రాయడం మొదలైంది. ఒక ఫైలులో మార్పు చేస్తే, దాన్ని మళ్ళీ యంత్రభాషలోకి మార్చి మిగతావాటితో కలపాలి. ఏ ఫైలు మారితే ఏయే ఫైళ్ళను మళ్ళీ మార్చాలో మనిషే గుర్తుంచుకోవాలి.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఒకరోజు సహోద్యోగి స్టీవ్ జాన్సన్ విసుగ్గా అతని గదిలోకి వచ్చాడు. ఉదయమంతా ఒక ప్రోగ్రాంలో తప్పు వెతికాడట. నిజానికి ఆ తప్పును అతను అప్పటికే సరిదిద్దేశాడు! దిద్దిన ఫైలును మళ్ళీ యంత్రభాషలోకి మార్చడం మరిచిపోవడంతో పాత నకలే నడుస్తోంది. అంటే తప్పులేని ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ పూట గడిచిపోయింది. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా అలాంటి చిక్కులోనే పడ్డాడు.

దాంతో 1976లో ఫెల్డ్‌మన్ మేక్ అనే ఉపకరణం తయారుచేశాడు. ఏ ఫైలు దేనిమీద ఆధారపడుతుందో ఒక జాబితాగా రాసిస్తే చాలు. ఫైళ్ళు చివరిసారి మారిన సమయాలను పోల్చి, ఏవి పాతబడ్డాయో వాటినే మేక్ మళ్ళీ తయారుచేస్తుంది. 2003 సంవత్సరానికి ఈ కృషికి ఏసీఎం సంస్థ పురస్కారం లభించింది. మేక్ నేటికీ వాడుకలో ఉంది.

అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. మేక్ జాబితాలో ఆదేశాలున్న పంక్తి టాబ్ మీటతో మొదలవ్వాలి. దాని బదులు ఖాళీలు కొడితే కంటికి తేడా తెలియదు, కానీ మేక్ ఒప్పుకోదు. ఇలా పెట్టడం బాగాలేదని ఫెల్డ్‌మన్‌కు కొద్ది వారాల్లోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది దాన్ని వాడుతున్నారు. వారి జాబితాలు చెడిపోతాయని అతను మార్చలేదు. ఆ డజను మందిని ఇబ్బంది పెట్టకూడదన్న మంచితనానికి ఆ తర్వాత లక్షల మంది మూల్యం చెల్లించారు. ఒకసారి పదిమంది ఆధారపడ్డాక చిన్న విషయాన్ని మార్చడం కూడా ఎంత కష్టమో ఈ ఒక్క టాబ్ చెబుతుంది.

పాత రాకెట్ భాగం, కొత్త రాకెట్

బాగా పరీక్షించిన భాగాన్ని తెచ్చి వాడుకుంటే తప్పు రాదనుకోవడం సహజం. 1996 జూన్ 4న ఆ నమ్మకం ఆకాశంలో ముక్కలైంది. ఐరోపా అంతరిక్ష సంస్థ కొత్త రాకెట్ ఏరియాన్-5 ఆ రోజు ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రంనుంచి తొలిసారి బయలుదేరింది. ప్రధాన ఇంజను మండే క్రమం మొదలైన సుమారు 37 సెకన్లకు దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నాశనమయ్యాయి.

ఫ్రెంచి గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం జూలై 19న నివేదిక ఇచ్చింది. రాకెట్ ఎటు వంగుతున్నదో కొలిచే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను ఏరియాన్-4నుంచి తీసుకున్నారు. అక్కడ అది ఏళ్ళ తరబడి మచ్చలేకుండా పనిచేసింది. అందులో ఒకచోట, అడ్డంగా వెళ్ళే వేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మారుస్తారు. 16 బిట్లలో పట్టే అతి పెద్ద ధన పూర్ణాంకం 32,767. ఏరియాన్-4 ప్రయాణ మార్గంలో ఆ విలువ ఎన్నడూ ఈ హద్దు దాటలేదు. ఏరియాన్-5 మార్గం వేరు. తొలి క్షణాల్లోనే దాని అడ్డ వేగం చాలా ఎక్కువ. సంఖ్య గడిలో పట్టలేదు. పరికరం ఆగిపోయింది.

అదనంగా మరో పరికరం ఉంది కదా అంటారేమో! ఉంది. కానీ అందులోనూ అదే సాఫ్ట్‌వేర్. కాబట్టి అది 72 మిల్లీసెకన్ల ముందే ఆగిపోయింది. ఆగిపోయిన పరికరం పంపిన లోపసూచనను ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలత అనుకుని ఇంజన్ల మూతులను ఒక్కసారిగా పూర్తిగా తిప్పేసింది.

ఇంకా బాధాకరమైన విషయం ఒకటుంది. ఆ లెక్క రాకెట్ నేల విడిచాక ఏరియాన్-5కు అసలు అవసరమే లేదు. ఏరియాన్-4 రోజుల్లో, కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఆగితే త్వరగా మళ్ళీ మొదలుపెట్టేందుకు వీలుగా దాన్ని కొంతసేపు నడవనిచ్చేవారు. ఆ కారణం పోయింది, అలవాటు మిగిలింది. భాగంతోపాటు దాని షరతులు కూడా ప్రయాణం చేస్తాయి. ఆ షరతులను ఎవరూ కాగితంమీద పెట్టకపోతే, అవి బయటపడేది ప్రమాదంలోనే.

నీ ఫైలు నా ఫైలును తొక్కేసింది

ఇదే 1990లలో ఇళ్ళలో, ఆఫీసుల్లో విండోస్ కంప్యూటర్లు పెరిగాయి. వాటిలో అనేక ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే ఫైళ్ళుంటాయి. వాటిని డీఎల్ఎల్‌లంటారు. ఒక కొత్త ఆటను కంప్యూటర్‌లో పెడితే, అది తనతో తెచ్చుకున్న పాత డీఎల్ఎల్‌ను అక్కడున్న కొత్తదానిమీద రాసేసేది. ఆట బాగానే నడిచేది. నిన్నటిదాకా నడిచిన లెక్కల ప్రోగ్రాం ఆగిపోయేది! వాడుకరి లెక్కల ప్రోగ్రాంను తిట్టుకునేవాడు. ఈ బాధకు ప్రోగ్రామర్లు "డీఎల్ఎల్ నరకం" అని పేరు పెట్టారు. విండోస్ 2000 నుంచి ముఖ్యమైన వ్యవస్థ ఫైళ్ళకు కాపలా పెట్టారు. ఒకే డీఎల్ఎల్ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండే ఏర్పాటు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో బలపడింది.

లినక్స్ లోకం మరో దారి పట్టింది. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి డెబియన్ అనే పథకాన్ని ప్రకటించాడు. ఎక్కడెక్కడి స్వచ్ఛంద కార్యకర్తలో తయారుచేసే ప్యాకేజీలన్నీ కలిసి ఒక వ్యవస్థగా నిలవాలంటే క్రమశిక్షణ కావాలి. ప్రతి ప్యాకేజీ తన పేరు, వెర్షన్, తనకు కావలసినవి, తనకు పడనివి ముందే రాసి చెప్పాలి. డీపీకేజీ అనే ఉపకరణం ఆ ప్రకటనలను చదివి సర్దుతుంది. అటు రెడ్ హ్యాట్ సంస్థ ఆర్‌పీఎంను తయారుచేసింది. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో ఏపీటీ అందుబాటులోకి వచ్చింది. ఒక ప్యాకేజి అడిగితే దానికి కావలసినవాటినీ, వాటికి కావలసినవాటినీ గొలుసుగా వెతికి నెట్‌వర్క్ మీదుగా తానే తెచ్చేది. మన దేశంలో సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ పునాదిమీదే లేచింది.

వెర్షన్ సంఖ్య ఎంత ముఖ్యమో డెబియన్‌కే ఒకసారి తెలిసొచ్చింది. 1995 డిసెంబరులో ఒక సీడీ తయారీ సంస్థ, ఇంకా పూర్తికాని వ్యవస్థను డెబియన్ 1.0 అని ముద్ర వేసి అమ్మేసింది. అది సరిగ్గా పనిచేయదు. ఇక అసలైన 1.0 వస్తే ఏది ఏదో తెలియని అయోమయం. అందుకని డెబియన్ బృందం ఆ సంఖ్యనే వదిలేసి 1996 జూన్‌లో నేరుగా 1.1ను విడుదల చేసింది. డెబియన్ చరిత్రలో అధికారికంగా 1.0 అనేది లేనేలేదు.

లెక్కకు లొంగని ముడి

ప్యాకేజి మేనేజర్ పని వినడానికి సులువు. చేయడానికి కాదు. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. మీ ప్రోగ్రాంకు "క", "గ" అనే రెండు ప్యాకేజీలు కావాలి. "క"కు "చ" ప్యాకేజి 1వ వెర్షన్ కావాలి. "గ"కు అదే "చ" 2వ వెర్షన్ కావాలి. "చ" ఒక్కటే ఉండగలదు. ఏం చేయాలి? "క"లో గానీ "గ"లో గానీ వేరే వెర్షన్ ఏదైనా కుదురుతుందేమో వెతకాలి.

20 ప్యాకేజీలు, ఒక్కోదానికి 5 వెర్షన్లు ఉన్నాయనుకోండి. మొత్తం కూర్పులు 5ను 20 సార్లు హెచ్చవేసినన్ని, అంటే సుమారు 95 లక్షల కోట్లు. సెకనుకు 10 లక్షల కూర్పుల చొప్పున చూసినా మూడేళ్ళు పడుతుంది! ఏ ప్యాకేజి ఎక్కించగలమో తేల్చే ఈ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ కోవకు చెందినదని 2000ల దశకం మధ్యలో ఐరోపా పరిశోధకులు నిరూపించారు. అంటే ఎలాంటి చిక్కుముడినైనా వేగంగా విప్పే సాధారణ పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదన్నమాట. అయితే నిజజీవితంలో వచ్చే ముడులు అంత గట్టివి కావు. తర్కశాస్త్రంలో వాడే శాట్ పద్ధతులతో వాటిని త్వరగానే విప్పవచ్చు. 2008లో వచ్చిన ఓపెన్‌సూసె 11.0 ఈ పద్ధతిని వాడింది.

ముడి పడకుండా ఉండేందుకు సంఖ్యలకే అర్థం ఇచ్చే ఏర్పాటు కూడా వచ్చింది. 2.4.1 అనే వెర్షన్‌లో చివరి అంకె మారితే తప్పు దిద్దారని, మధ్య అంకె మారితే కొత్త సదుపాయం చేరిందని, మొదటి అంకె మారితే పాతదానితో పొసగని మార్పు జరిగిందని అర్థం. ఇది ఒక మాట ఇవ్వడం లాంటిది. మాట తప్పేవారు ఉండనే ఉంటారు. అందుకే పరీక్షలో నెగ్గిన కూర్పులోని వెర్షన్లన్నిటినీ యథాతథంగా నమోదు చేసే లాక్ ఫైలు వచ్చింది. రూబీ భాషకు వచ్చిన బండ్లర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది.

పదకొండు పంక్తుల ప్రతాపం

2016 మార్చి 22న ప్రపంచమంతటా ప్రోగ్రామర్ల తెరలమీద ఒకే ఫిర్యాదు కనిపించింది: "లెఫ్ట్-ప్యాడ్ దొరకలేదు". చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల కేంద్ర భాండాగారం ఎన్‌పీఎంలో అదొక 11 పంక్తుల ప్యాకేజి. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలో, సున్నలో చేర్చడం దాని పని. 7ను 007 చేస్తుందన్నమాట. వేరొక ప్యాకేజి పేరుమీద ఒక కంపెనీతో వచ్చిన వివాదంలో భాండాగారం కంపెనీ వైపు మొగ్గింది. నొచ్చుకున్న రచయిత తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. వాటిలో ఇదొకటి. బేబెల్, రియాక్ట్ వంటి ప్రసిద్ధ ఉపకరణాలు గొలుసు చివర దీనిమీద ఆధారపడి ఉన్నాయి. అన్నీ ఒక్కసారిగా ఆగాయి.

కొద్ది గంటల్లో దాన్ని పునరుద్ధరించారు. ఇతరులు ఆధారపడిన ప్యాకేజీని ఇష్టం వచ్చినప్పుడు తీసేయడానికి వీలులేకుండా నియమాలు మార్చారు. కానీ ప్రశ్న మిగిలే ఉంది. జీతం లేకుండా తీరిక వేళల్లో ఎవరో రాసిపెట్టిన 11 పంక్తులమీద పెద్ద పెద్ద కంపెనీల వ్యాపారం నిలబడినప్పుడు, ఆ పంక్తుల బాధ్యత ఎవరిది?

ఎనిమిదో యంత్రం

ప్యాకేజీలన్నీ కుదిరాక కూడా చివరి అడుగు మిగులుతుంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో షేర్ల లావాదేవీలు నడిపే నైట్ క్యాపిటల్ కంపెనీ 2012 జూలై నెలాఖరులో తన సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. మొత్తం 8 సర్వర్లు. ఒక సాంకేతిక నిపుణుడు ఏడింటిలో కొత్త ప్రోగ్రాం పెట్టాడు. ఎనిమిదోది మిగిలిపోయింది. మరొకరు సరిచూడాలన్న నియమం అక్కడ లేదు.

ఆ ఎనిమిదో సర్వర్లో పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాం ముక్క ఉంది. 2003నుంచి దాన్ని వాడటం మానేశారు, కానీ తీసేయలేదు. కొత్త ప్రోగ్రాంను మేల్కొలిపేందుకు ఒక సంకేతం కావలసి వస్తే, పవర్ పెగ్ పాత సంకేతాన్నే మళ్ళీ వాడారు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లలో కొత్త ప్రోగ్రాం మేల్కొంది. ఎనిమిదో దాంట్లో పవర్ పెగ్ నిద్రలేచింది. ఇక ఆగకుండా షేర్లు కొంటూ, అమ్ముతూ పోయింది.

ఏం జరుగుతోందో తెలియక, తప్పు కొత్త ప్రోగ్రాంలోనే ఉందనుకుని సిబ్బంది దాన్ని ఏడు సర్వర్లనుంచీ తీసేశారు. దాంతో ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ లేచింది! మంట ఆర్పబోయి నెయ్యి పోసినట్టయింది. 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. మరుసటి ఏడాదికల్లా ఆ కంపెనీ మరో కంపెనీలో కలిసిపోయింది. మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరు ప్రస్తావిస్తూ 97 హెచ్చరిక ఈ-మెయిళ్ళు సిబ్బందికి చేరాయని విచారణలో తేలింది. వాటిని హెచ్చరికలుగా చూసే ఏర్పాటు లేదు. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక మనిషి ఒక యంత్రాన్ని మరిచిపోయాడని చెప్పి ఈ కథను ముగించవచ్చు. కానీ మనిషి మరిచిపోతాడని హాపర్‌కు 1950లలోనే తెలుసు. మరిచిపోయినా ప్రమాదం రాని ఏర్పాటు ఎందుకు లేదన్నదే అడగవలసిన ప్రశ్న.

చేత్తో రాసిన బోర్డింగ్ పాస్

ఈ చరిత్ర మన ముంగిట్లోకి కూడా వచ్చింది. 2024 జూలై 19, శుక్రవారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ, తన రక్షణ సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకు ఒక కొత్త కాన్ఫిగరేషన్ ఫైలు పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ వ్యవస్థ గర్భంలో పనిచేస్తుంది. ఫైలులోని నమూనా ప్రకారం 21 విలువలు చూడాలి. కానీ ప్రోగ్రాం అందించేవి 20 మాత్రమే. 21వ విలువ కోసం అది లేని చోట చెయ్యి పెట్టింది. కంప్యూటర్ కుప్పకూలింది. మళ్ళీ వేస్తే మళ్ళీ కూలింది.

మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. 78 నిమిషాల్లో కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. కానీ లేవని కంప్యూటర్‌కు దిద్దుబాటు ఎలా చేరుతుంది? చాలాచోట్ల మనుషులే ఒక్కొక్క యంత్రం దగ్గరికీ వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలునూ తొలగించారు. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బందిపడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు.

ఆ ఫైలు ప్రోగ్రాం కాదు, "వట్టి సమాచారమే" అన్న భావంతో దాన్ని అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి పంపారు. ముందు కొద్దిమందికి పంపి, బాగుంటే మరికొందరికి పంపే పద్ధతిని ఈ ప్రమాదం తర్వాతే ఇలాంటి ఫైళ్ళకూ వర్తింపజేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూడటం మన వంటింట్లో రోజూ చేసేదే!

లోపం వెతకడం కూడా శాస్త్రమే

ఈ సంఘటనలన్నీ పక్కపక్కన పెడితే ఒక పద్ధతి కనిపిస్తుంది. లోపాన్ని త్వరగా పట్టుకున్నవారు ముందుగా తమ ప్రోగ్రాంను తిరగరాయలేదు. కొన్ని ప్రశ్నలు వేసుకున్నారు. నిజంగా నడుస్తున్నది ఏ నకలు? అది ఏ వెర్షన్? నిన్నటికీ ఇవాళ్టికీ మారినదేమిటి? అన్ని యంత్రాల్లోనూ ఒకే విధంగా మారిందా? జాన్సన్ మొదటి ప్రశ్న వేసుకుని ఉంటే ఉదయం మిగిలేది. నైట్ సిబ్బంది చివరి ప్రశ్న వేసుకుని ఉంటే కంపెనీ మిగిలేదేమో.

లోప సందేశాన్ని కూడా ఓపికగా చదవాలి. ఒక ప్యాకేజి విఫలమైతే దానిమీద ఆధారపడినవన్నీ వరుసగా గగ్గోలు పెడతాయి. తెరమీద చివరగా కనిపించేది తరచుగా గొలుసు కొసన ఉన్నదాని ఏడుపు. అసలు కారణం పైన, మొదటి ఫిర్యాదు దగ్గర దొరికే అవకాశం ఎక్కువ. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో ఒక రాశిని స్థిరంగా ఉంచి మరొకదాన్ని మార్చడం మీరు నేర్చుకున్నదే. ఇక్కడా అదే సూత్రం.

చిన్న తేడాను వదలని కుతూహలం ఎంత విలువైనదో 2024 మార్చిలో రుజువైంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లినక్స్ కంప్యూటర్‌లోకి దూరంనుంచి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. వేరొకరైతే పట్టించుకునేవారు కాదు. అతను కారణం వెతుక్కుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిన దొంగదారిని కనిపెట్టాడు. మార్చి 29న దాన్ని లోకానికి వెల్లడించాడు. అది ఇంకా ఎక్కువ కంప్యూటర్లకు పాకకముందే ఆగింది.

విల్క్స్ బృందం బీరువాలో టేపులు పేర్చినప్పుడు వాటిని రాసినవారు, వాడుకునేవారు ఒకే గదిలో ఉండేవారు. అనుమానం వస్తే తల తిప్పి అడిగితే సరిపోయేది. నేడు రాసినవారు ఎక్కడో, వాడుకునేవారు ఎక్కడో. మధ్యలో మిగిలింది ఒక పేరు, ఒక వెర్షన్ సంఖ్య, రాసిపెట్టిన నాలుగు షరతులు. ఆ నాలుగూ నిజాయితీగా రాయడం, వాడుకునే ముందు శ్రద్ధగా చదవడం ప్రోగ్రాం రాయడమంత ముఖ్యమైన పని. రేపు మీరు ఒక ప్యాకేజి తయారుచేసి నలుగురికీ పంచినప్పుడు, మీ ముఖం కూడా ఎరుగని ఎవరో దానిమీద తమ పని నిలబెడతారు. వారికోసం ఆ షరతులు రాసిపెట్టండి.